‘పది నిమిషాల్లో’ – 1804 నాటి కుర్రవాడు ఈ మాట అనవచ్చునా?

ప్రశ్న (పెదవాల్తేరు నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. పన్నెండు నుంచి పదిహేడేళ్ల వయసు పిల్లల కోసం వచ్చే చారిత్రక సాహస నవలలు చదవడం, చదివినవాటి మీద నాలుగు మాటలు రాయడం నాకు ఉద్యోగంతో సంబంధం లేని వ్యాపకం. ఇటీవల ఒక నవల చదివాను. 1804 సెప్టెంబరు 15న మన విశాఖపట్నం రేవు ఎదుట ఆంగ్లేయులకూ ఫ్రెంచివారికీ జరిగిన ఓడల పోరు చుట్టూ అల్లిన కథ అది. రచయిత కొత్తవారు, సమీక్ష ఇంకా వెలువడలేదు కనుక పేర్లు ఇక్కడ రాయడం లేదు. కథానాయకుడు పద్నాలుగేళ్ల జాలరి కుర్రవాడు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద నుంచి ఫ్రెంచి ఓడలను అందరికంటే ముందు చూసి, పరుగున కిందికి దిగి వచ్చి, తెప్ప సర్దుకుంటున్న తండ్రితో “అయ్యా, పది నిమిషాల్లో ఆ ఓడ కాడికి ఎల్లిపోవాల” అంటాడు.

యాస బాగానే కుదిరింది. నన్ను ఆపినది ‘పది నిమిషాల్లో’ అన్న మాట. అది ఆ కాలానికి పొసగదని చిత్తుప్రతిలో రాసుకున్నాను. దానిని చదివిన ఒక మిత్రురాలు, “నిమిషం తత్సమం, రెండు వేల ఏళ్ల నాటి మాట, అది 1804లో లేకుండా ఎక్కడికి పోయింది?” అని అడిగారు. ఆమె ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఆ వాక్యాన్ని తప్పు పట్టడం న్యాయం కాదనిపించి ఇక్కడ అడుగుతున్నాను.

మొదటి జవాబు

మీ మిత్రురాలి మాటే సరైనది. నిమిషం పాత మాటే. పిల్లల నవలలో కథ పరుగెత్తాలి, ఇలాంటి వాటికి పట్టుబడితే రచయితలు చరిత్ర జోలికే రారు. వదిలేయండి.

రెండో జవాబు (డాబా గార్డెన్స్ నుంచి)

మొదట జవాబిచ్చిన మిత్రులు మన్నించాలి, వదిలేయదగిన విషయం కాదిది. ఆ వాక్యంలో సమీక్షకులు ఆగిన చోటు సరైనదే, దానికి చెప్పవలసిన కారణం మాత్రం వేరు. నిమిషం అనే మాట చాలా పాతది, దానికి ‘అరవై సెకన్లు’ అన్న అర్థం కొత్తది. ఈ రెండింటినీ విడదీస్తే చిక్కు విడిపోతుంది.

నిమిషమన్నా నిమేషమన్నా మొదటి అర్థం రెప్పపాటు. రెప్ప వేయరు కనుకనే దేవతలు అనిమిషులయ్యారు, అదే కారణంగా చేపకు కూడా ఆ పేరు ఉంది. అమరసింహుడు కూర్చిన సంస్కృత నిఘంటువు అమరకోశం కాలవర్గంలో ఉన్న లెక్క ప్రకారం పద్దెనిమిది నిమేషాలు ఒక కాష్ఠ, ముప్పై కాష్ఠలు ఒక కల, ముప్పై కలలు ఒక క్షణం, పన్నెండు క్షణాలు ఒక ముహూర్తం, ముప్పై ముహూర్తాలు ఒక పగలూ రాత్రీ. దీనిని ఇప్పటి గడియారంలోకి మార్చి చూడండి. ముహూర్తం 48 నిమిషాలు, క్షణం సరిగ్గా నాలుగు నిమిషాలు, నిమేషం ఒక సెకనులో దాదాపు అరవై ఏడో వంతు. అంటే నేటి ఒక్క నిమిషంలో అమరసింహుడి నిమేషాలు 4,050 పడతాయి. ఇతర గ్రంథాలలో లెక్కలు వేరుగా ఉన్నాయి, వాటి జోలికి ఇప్పుడు పోనవసరం లేదు. ఇక్కడ తలకిందులైన సంగతి ఒకటి గమనించదగినది. ఈనాడు మన వాడుకలో క్షణం చిన్నది, నిమిషం పెద్దది. ఆ నిఘంటువులో నిమేషం కన్ను మూసేంత, క్షణం దాని కంటే పదహారు వేల రెట్లు పెద్దది. “ఒక్క క్షణం ఆగండి” అని కార్యాలయంలో మనల్ని నిలబెట్టేవారు, తెలిసో తెలియకో, అమరసింహుడి లెక్కనే పాటిస్తున్నారన్నమాట.

ఇక మన వాక్యానికి వద్దాం. ఆ కుర్రవాడు “నిమిషంలో వచ్చేస్తా” అని ఉంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. అక్కడ నిమిషం ‘కన్ను మూసి తెరిచేలోగా’ అన్న పాత అర్థంలోనే నిలుస్తుంది, 1804లోనే కాదు, అంతకు అయిదు వందల ఏళ్ల ముందు కథలోనైనా చెల్లుతుంది. ఆ మాటకు ముందు ‘పది’ అనే సంఖ్య చేరగానే అది లెక్క పెట్టదగిన కొలత అయిపోతుంది. పది రెప్పపాట్లలో ఓడ దగ్గరికి చేరాలని ఎవరూ అనరు కదా. లెక్క పెట్టాలంటే ఆ కొలతను చూపే సాధనం ఒకటి ఉండాలి. నిమిషాల ముల్లు ఉన్న గడియారం ఆ కాలపు జాలరి గుడిసెలో ఉండదు, అతని చెవికి వినపడే దూరంలోనూ ఉండదు. కాబట్టి ఇలాంటి నవలలు పరిశీలించేటప్పుడు మాట నిఘంటువులో ఎప్పటి నుంచి ఉన్నదని కాక, ఆ పాత్రకు కాలం ఏ సాధనం ద్వారా తెలుస్తున్నదని అడగాలని నా అభిప్రాయం.

ఆ కుర్రవాడికి అందుబాటులో ఉన్న కొలతలు చాలా ఉన్నాయి. ఊళ్లో వాడుకలో ఉన్నది గడియ. అడుగున సన్నని రంధ్రమున్న రాగి గిన్నెను నీళ్లలో వదిలితే అది నిండి మునగడానికి పట్టే కాలం అది, నేటి లెక్కలో 24 నిమిషాలు. రోజుకు అరవై గడియలు, గడియకు అరవై విగడియలు, ఏడున్నర గడియలు ఒక జాము. ఇప్పుడు మన గోడల మీద ఉన్న యంత్రం గంటలూ నిమిషాలూ చూపిస్తున్నా దాని పేరులో గడియ ఇంకా ఉండిపోయింది. పంచాంగకర్తలు సరేసరి, గడియలూ విగడియలూ వదలనే లేదు.

సముద్రం మీదికి వెళ్లేవారికి గిన్నె కూడా అక్కరలేదు. పగలు ‘బారెడు పొద్దెక్కింది’, ‘అంబలి పొద్దయింది’, ‘పొద్దు గూకింది’ అని సూర్యుణ్ణి బట్టి, రాత్రి చుక్కలను బట్టి చెప్పుకుంటారు. సెప్టెంబరు మధ్యలో పగలూ రాత్రీ దాదాపు సమానం కనుక రాత్రి జాము కూడా మూడు గంటలకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ రోజుల్లో పిల్లలకోడి, అంటే కృత్తికలు, మొదటి జాము దాటిన కాసేపటికి తూర్పున సముద్రం మీద పొడుస్తుంది. పోరుకు ముందు రాత్రి ఘట్టంలో “పిల్లలకోడి పొడిసినాక రా” అని తండ్రి కొడుకుకు చెప్పి ఉంటే ఆ ఒక్క మాటతో కాలమూ దిక్కూ ఋతువూ మూడూ పలికేవి. మబ్బు పట్టే నెల కనుక చుక్క కనపడక కుర్రవాడు తప్పిపోయాడని రాసుకుంటే కథకు ఒక మలుపు కూడా ఉచితంగా దొరికేది.

కొద్దిపాటి వ్యవధులకు మన తీరంలో చక్కని పద్ధతి ఒకటి ఉంది, ఏదైనా పనితో కొలిచి చెప్పడం. “చుట్ట కాలేంత సేపు” అంటే విననివారుండరు. మన వైపు మత్స్యకార స్త్రీలు నిప్పు నోటిలోపలికి ఉండేలా అడ్డచుట్ట కాల్చే అలవాటు ఉన్నవారు కనుక ఆ కొలత కుర్రవాడి తల్లి నోట మరీ సహజంగా ఉంటుంది.

ఇదే నవలలో ‘నిమిషం’ సక్రమంగా పలికే చోటు కూడా ఉంది, అది ఓడ మీద. ఆ పోరులో రేవు ఎదుట లంగరు వేసి ఉన్న ఆంగ్ల యుద్ధనౌక సెంచూరియన్, దాని కాపుదలలో ఈస్టిండియా కంపెనీ వర్తక నౌకలు రెండు. ఎదురుగా లినోయి అనే ఫ్రెంచి నౌకాధిపతి, మరెంగో అనే పెద్ద ఓడ, తోడుగా ఫ్రిగేట్లు అనే కాస్త చిన్న యుద్ధనౌకలు రెండు. వర్తక నౌకల్లో ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చి పగిలింది, రెండవది ఫ్రెంచివారికి చిక్కింది. పోరు మొదలైనప్పుడు సెంచూరియన్ నాయకుడు లిండ్ ఊళ్లో ఉండి, మధ్యలో ఓడ చేరుకున్నాడు. పిల్లల నవలకు ఇంతకంటే ఏం కావాలో నాకు తెలియదు.

అలాంటి ఓడలో ఇసుక గడియారం ఉంటుంది. ఇసుక జారి అరగంట కాగానే దానిని తిరగేసి గంట కొడతారు. అరగంటకొక దెబ్బ చొప్పున పెంచుతూ పోయి, ఎనిమిది దెబ్బలకు ఒక కాపలా వంతు ముగిసినట్టు. ఆ వంతు నాలుగు గంటలు, అంటే పది గడియలు. మన జాము ఏడున్నర గడియలు. ఒడ్డున జాములతో పెరిగిన కుర్రవాడు ఓడ ఎక్కిన మొదటి రాత్రి ఈ రెండు లెక్కల మధ్య తికమక పడకుండా ఎలా ఉంటాడు? ఆ తికమకను వదిలేసి అతని నోట సరాసరి నిమిషాలు పలికించడం వల్ల రచయిత కోల్పోయినది ఒక మాట కాదు, ఒక అధ్యాయం. సమీక్షలో నేనైతే ఈ నష్టాన్నే ఎత్తి చూపుతాను.

మూడో జవాబు (గాజువాక నుంచి)

మాస్టారూ, మీరు చెప్పినది కాదనలేను. నేను తొమ్మిదో తరగతి పిల్లలకు తెలుగు చెబుతాను. గడియ అంటే మా పిల్లలకు తలుపు గడియ. జాము అంటే రొట్టె మీద రాసుకునేది. ప్రతి పుటలో అధస్సూచిక పెడితే వాళ్లు పుస్తకం మూసేస్తారు. వాళ్లకు అర్థమయ్యే ‘పది నిమిషాలు’ తీసేసి అర్థం కాని మాట పెట్టడం వల్ల ఎవరికి మేలు? పైగా బొబ్బిలి యుద్ధం కథలో ఫ్రెంచి సేనాని ఉంటే అతని జేబులో గడియారం ఉండదా? అతడు నిమిషాలు చెప్పవచ్చు కదా?

డాబా గార్డెన్స్ నుంచి

అమ్మా, రెండో ప్రశ్నకు ముందు చెబుతాను. 1757 నాటి బొబ్బిలి ఘట్టంలో బుస్సీ దొర తన అధికారులతో నిమిషాలు మాట్లాడితే నాకు పేచీ లేదు, అప్పటి ఐరోపా అధికారుల దగ్గర జేబు గడియారాలు ఉండేవి. ఆ ఆజ్ఞను తెలుగులో చెప్పవలసిన దుబాసీ ఏమంటాడన్నదే ఆసక్తికరం. “పది నిమిషాలు” అన్నదానికి అతని దగ్గర దాదాపు సరిపోయే మాట ఒకటి ఉంది. అరగడియ అంటే పన్నెండు నిమిషాలు. దొర పది అన్నాడు, దుబాసీ అరగడియ అన్నాడు. ఆ తేడాలో ఎవరి ప్రాణం నిలుస్తుందో, ఎవరిది పోతుందో రచయిత ఇష్టం.

మొదటి ప్రశ్న బరువైనది. అధస్సూచికలు నాకూ ఇష్టం లేదు. అయితే మా తరం పిల్లలం మాసపత్రికల జానపద కథలలో జాము, గడియ, ఆమడ అన్నవి అర్థం అడగకుండానే చదువుకున్నాం. ఆమడ ఎన్ని కోసులో తెలియకపోయినా ఆమడ దూరం నడిస్తే కాళ్లు నొప్పి పుడతాయని తెలిసేది. కథలోని పని ఆ కొలతను చెప్పేస్తే చాలు. “గిన్నె మునిగేలోగా తిరిగి రావాలి” అని రాసి, ఆ గిన్నెను ఒకసారి చూపించండి. మీ తొమ్మిదో తరగతి పిల్లలకు తలుపు గడియ గుర్తుకు రాదు. ఇక జాము విషయంలో, ‘తెల్లవారుజాము’ వాళ్లకు తెలిసిన మాటే. అందులోని జాము ఏమిటని మీరు ఒకసారి అడిగి చూడండి.

గాజువాక నుంచి

తెల్లవారుజాము సంగతి నాకు తట్టలేదు. రేపు అడుగుతాను. మరి ఏ కాలం కథ నుంచి ఊళ్లో సామాన్యులు నిమిషాలు మాట్లాడవచ్చు? ఒక గీత గీయండి.

డాబా గార్డెన్స్ నుంచి

ఒకే గీత కుదరదు. మన ఊరికి సంబంధించి కొన్ని ఆనవాళ్లు చెప్పగలను. నేనుంటున్న ఈ డాబా గార్డెన్స్‌లోనే గోడే వెంకట జగ్గారావు గారు 1840లో సొంత ఖర్చుతో ఖగోళ పరిశీలనశాల నెలకొల్పారు. ఆయన తరువాత దానిని నడిపిన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని ఇక్కడి నుంచే పరిశీలించారు. ఆ పని సెకన్ల లెక్క లేకుండా సాధ్యం కాదు. కనుక 1874లో ఆ ఇంటి కుర్రవాడో, అక్కడ పనిచేసే సహాయకుడి కొడుకో కథానాయకుడైతే నిమిషాలే కాదు, సెకన్లు కూడా పలకవచ్చు. అదే ఏడాది, అదే ఊరు, రేవు దగ్గర మూటలు మోసే కుర్రవాడైతే నేను ఒప్పుకోను. 1890ల్లో రైలు వచ్చాక బండి వేళల వల్ల నిమిషం చాలామంది చెవిన పడి ఉంటుంది. దేశమంతటికీ ఒకే ప్రామాణిక కాలం 1906లో వచ్చింది. ఆ తరువాతి కథలలో ఈ ప్రశ్న పెద్దగా వేయనవసరం లేదు.

పెదవాల్తేరు నుంచి

అందరికీ కృతజ్ఞతలు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని ఆ పేరా ఇలా తిరగరాశాను: “కథానాయకుడు ‘నిమిషంలో’ అన్న ప్రతిచోటా మాట సహజంగా ఉన్నది; ‘పది నిమిషాల్లో’, ‘ఇరవై నిమిషాలుగా’ అన్నచోట్ల మాత్రం అతని చేతికి ఎవరో కనపడని గడియారం కట్టినట్టున్నది. అతడు ఓడ ఎక్కిన తరువాత ఇసుక గడియారమూ గంట దెబ్బలూ కథలోకి వచ్చి ఉంటే, అతడు ఆ కొత్త లెక్క నేర్చుకోవడం మనం చూసేవాళ్లం. మలిముద్రణలో ఈ అవకాశాన్ని రచయిత పరిశీలించాలి.”

ఇంకొక సందేహం మిగిలింది. అదే నవలలో ఫిరంగి గుండు కుర్రవాడి తలను ‘తృటిలో’ తప్పిపోయిందని ఉంది. తృటి కూడా పాత కాలమానమే కనుక దానిని అలాగే ఉంచాను.

డాబా గార్డెన్స్ నుంచి

ఉంచండి. దాని ముందు సంఖ్య లేదు.