పాత కెర్నల్స్ ఉంచుకోవాలా, తీసేయాలా?

కర్నూలు సభ్యుడు:
మా డీటీపీ షాపు సిస్టంలో ఉబుంటు 22.04 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఉంది. నిన్న అప్‌డేట్ సగంలో ఆగి, బూట్ పార్టిషన్‌లో (సిస్టం మొదలవడానికి కావాల్సిన ఫైళ్లుండే డిస్క్ భాగం) చోటు లేదంది. ఆ పార్టిషన్ మొత్తం 512 ఎంబీ. అప్పటికే మూడు కెర్నల్స్ (హార్డ్‌వేర్‌ను నడిపించే, సిస్టమ్‌కు గుండెలాంటి ప్రోగ్రామ్) ఉన్నాయి, నాలుగోది పట్టలేదు. బూటయ్యేటప్పుడు మొదట వాడుకునే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఫైలే ఒక్కొక్కదానికి 120 ఎంబీ ఉంది. నడిచేది ఒక్కటే కదా, పాతవన్నీ తీసేస్తే ఏమవుతుంది?

అనంతపురం సభ్యుడు:
తీసేయండన్నా. కొత్తది ఒకసారి సరిగ్గా బూటయితే నేను పాతది ఒక్కటీ ఉంచను. పాతవాటిలో సెక్యూరిటీ లోపాలు అలాగే ఉంటాయి. షాపులో ఎవరు కూర్చున్నా గ్రబ్ మెనూలో (సిస్టం మొదలయ్యేటప్పుడు కెర్నల్‌ను ఎంచుకునే మెనూ) పాతదాన్ని ఎంచుకోవచ్చు.

కడప సభ్యుడు:
ఈ మాట నేను ఒప్పుకోను. ఏడు రోడ్ల దగ్గర మాది ఫోటో స్టూడియో. పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో, సాయంత్రానికి ఆల్బమ్ ఇవ్వాల్సిన రోజే కొత్త కెర్నల్ వచ్చింది. గ్రాఫిక్స్ డ్రైవర్ మాడ్యూల్ దానికి కంపైల్ కాలేదు. తెరంతా నలుపు, ఎడమ మూలన గీత ఒక్కటి మినుకుమినుకుమంటోంది. టెన్షన్‌తో చేతులు ఆడలేదు. రీస్టార్ట్ చేసి, ఎస్కేప్ నొక్కి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నల్ ఎంచుకున్నా. నిమిషంలో డెస్క్‌టాప్ వచ్చింది. అది లేకపోతే పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి రిపేరు చేసుకోవాల్సిందే, ఆల్బమ్ ఆ రోజుకు అయ్యేది కాదు.

ఇక సెక్యూరిటీ సంగతి. డిస్క్‌లో ఊరికే పడున్న కెర్నల్ నడవదు, బూట్ చేసిందే నడుస్తుంది. ఎవరో ఎంచుకుంటారన్న భయముంటే గ్రబ్‌కు పాస్‌వర్డ్ పెట్టండి. ఫెడోరా అనే మరో లినక్స్ మామూలుగా మూడు ఉంచుతుంది. మీ పార్టిషన్ చిన్నది కాబట్టి కొత్తదొకటి, బాగా నడిచిన పాతదొకటి చాలు. బూట్ ఫోల్డర్‌లోకి పోయి ఫైళ్లు చేత్తో మాత్రం తీయకండి, అవి పోయినట్టు ప్రోగ్రామ్‌లు వేసి తీసే ప్యాకేజీ మేనేజర్‌కు తెలియదు. అక్కర్లేని ప్యాకేజీలను తీసే ఆప్ట్ ఆటోరిమూవ్ కమాండ్ వాడండి, ఇప్పుడు నడుస్తున్నదాన్ని అది ముట్టుకోదు.

అనంతపురం సభ్యుడు:
డ్రైవర్లు విడిగా వేసుకున్న సిస్టమ్‌కు మీ మాట సరేనన్నా. కానీ బూట్ నిండితే సెక్యూరిటీ అప్‌డేటే ఎక్కదు, నిన్న కర్నూలులో జరిగింది అదే. రెండుకు మించితే నేను ఇప్పటికీ ఒప్పుకోను.

కర్నూలు సభ్యుడు:
ముందు యూనేమ్ కమాండ్‌తో నడుస్తున్న కెర్నల్ ఏదో చూసుకుని, ఆటోరిమూవ్ కొట్టాను. బాగా పాతవి రెండు పోయాయి, ఆగిన అప్‌డేట్ పూర్తయింది. కొత్తదాంట్లో ప్రింటర్, స్కానర్ రెండూ పనిచేస్తున్నాయి. అయినా నిన్నటిదాకా నడిచిన కెర్నల్‌ను తీయడం లేదు.