పీఎంపీ సర్టిఫికెట్ చేస్తే గల్ఫ్‌లో పనికొస్తుందా? డబ్బు దండగా?

ప్రశ్న (సైట్ ఇంజనీర్, హైదరాబాద్):

అందరికీ నమస్తే. బీటెక్ సివిల్ చేశాను, 9 ఏళ్ల అనుభవం. ప్రస్తుతం కొల్లూరు దగ్గర అపార్ట్‌మెంట్ టవర్ల సైట్‌లో సీనియర్ ఇంజనీర్‌ని. సబ్‌కాంట్రాక్టర్ల బిల్లులు, వారం వారం ప్లానింగ్, క్లయింట్ మీటింగులు అన్నీ నా నెత్తి మీదే. హోదా మాత్రం అక్కడే ఉంది. సౌదీకో దుబాయ్‌కో వెళ్దామని ఆలోచన. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు ‘పీఎంపీ చేయండి, జీతం డబుల్’ అంటున్నారు. పీఎంపీ అంటే ప్రాజెక్ట్ మేనేజర్లకు పీఎంఐ అనే సంస్థ పరీక్ష పెట్టి ఇచ్చే సర్టిఫికెట్ కదా. అనుభవం పత్రాలు కూడా వాళ్లే ‘అడ్జస్ట్’ చేస్తారట. హోమ్ లోన్ ఉంది, పాప స్కూల్ ఫీజు ఉంది. ఊరికే డబ్బు తగలేసే పరిస్థితి కాదు. చేయమంటారా, వద్దంటారా?

జవాబు (ప్లానింగ్ మేనేజర్, రియాద్):

తమ్ముడూ, నీ విషయంలో చేయమనే అంటాను. అయితే ఆ కోచింగ్ వాళ్లు చెప్పే లెక్క నమ్మకు.

ఇక్కడ పెద్ద కాంట్రాక్టుల్లో ముఖ్యమైన పోస్టులో ఎవర్ని పెట్టాలన్నా ముందు వాళ్ల సీవీ క్లయింట్ తరఫున పని చూసే కన్సల్టెంట్ దగ్గరికి ఆమోదానికి వెళ్తుంది. ప్రాజెక్ట్ మేనేజర్‌కి ఇన్నేళ్ల అనుభవం ఉండాలి, పీఎంపీ ఉండాలి లేదా ఉంటే మంచిది అని చాలాసార్లు కాంట్రాక్టు కాగితాల్లోనే రాసి ఉంటుంది. కంపెనీకి నువ్వు ఎంత నచ్చినా, ఆ కాలమ్ ఖాళీగా ఉంటే కన్సల్టెంట్ వెనక్కి కొట్టొచ్చు. ఆ తలనొప్పి ఎందుకని హెచ్‌ఆర్ వాళ్లు సీవీలు వడకట్టేటప్పుడే పీఎంపీ ఉందా అని చూస్తారు. దాని ఉపయోగం అంతవరకే.

జీతం బేరమాడే దగ్గర వేరే సంగతులు అడుగుతారు. షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ ప్రైమవెరా పీ6లో బేస్‌లైన్ (మొదట ఖాయం చేసుకునే షెడ్యూల్) వేయగలవా? డ్రాయింగులు ఆలస్యంగా ఇస్తే గడువు పొడిగింపుకు క్లెయిమ్ తయారు చేయగలవా? ఫిడిక్ (అంతర్జాతీయ నిర్మాణ పనులకు వాడే నమూనా) కాంట్రాక్టులో క్లెయిమ్ నోటీసు 28 రోజుల్లోపు ఇవ్వాలి, దాటితే మొత్తం చేజారొచ్చు. ఇలాంటివి తెలిసినవాళ్లకు ఇక్కడ గిరాకీ. పీ6 నీకు రాకపోతే ముందు అది నేర్చుకో, పీఎంపీ తర్వాత. ఇంకొకటి, సౌదీలో ఇంజనీర్‌గా పని చేయాలంటే సౌదీ కౌన్సిల్ ఆఫ్ ఇంజనీర్స్‌లో నమోదు తప్పనిసరి. డిగ్రీ వెరిఫికేషన్‌కు టైమ్ పడుతుంది, ఆ పని ఇవాళే మొదలుపెట్టు.

ఆ ‘అడ్జస్ట్’ సంగతి విను. నీకు దాంతో అవసరమే లేదు. పీఎంపీ రాయడానికి, నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లకు ప్రాజెక్టులు నడిపిన అనుభవం 36 నెలలు చాలు. విజిటింగ్ కార్డు మీద ‘ప్రాజెక్ట్ మేనేజర్’ అని ఉండక్కర్లేదు, ఆ పని చేసి ఉంటే సరిపోతుంది. ఒకే కాలంలో రెండు సైట్లు చూసినా ఆ నెలల్ని ఒక్కసారే లెక్కేస్తారు, మరీ పాత అనుభవం లెక్కలోకి రాదు. ఇవి కాక 35 గంటల శిక్షణ కావాలి. ఇంట్లో కూర్చుని సొంతంగా చదివింది ఇందులోకి రాదు, కానీ చివర పరీక్ష ఉండే ఆన్‌లైన్ కోర్సు పనికొస్తుంది. దానికి వేలకు వేలు పోయక్కర్లేదు.

అప్లికేషన్‌లో మనవాళ్లు బోల్తా పడేది అనుభవం రాసే దగ్గరే. ‘సైట్ పనులు పర్యవేక్షించాను’ అని రాస్తే నువ్వు మేస్త్రీవో మేనేజర్‌వో పీఎంఐ వాళ్లకు అర్థం కాదు. ఇలా రాయి: ‘రెండు టవర్ల నిర్మాణం. స్లాబ్ సైకిల్ ప్లాన్ నేనే తయారు చేశాను. షట్టరింగ్ కాంట్రాక్టర్ మధ్యలో వెళ్లిపోతే కొత్తవాళ్లను తెచ్చి షెడ్యూల్ మళ్లీ వేసి, క్లయింట్‌తో ఒప్పించాను. ఫలితం ఇది.’ లక్ష్యం, నీ పాత్ర, ఫలితం మూడూ కనిపించాలి.

అనుబంధ ప్రశ్న (టెస్ట్ ఇంజనీర్, హైదరాబాద్):

ఇదే విషయంలో నాదీ ఒక సందేహం. ఐటీలో నాలుగేళ్లుగా టెస్టింగ్ చేస్తున్నా, టీమ్ లీడ్ కూడా కాదు. పీఎంపీ కుదరకపోతే పీఎంఐ వాళ్లే కొత్తవాళ్లకు ఇచ్చే సీఏపీఎం చేయొచ్చు కదా? దానికి అనుభవం అడగరట.

జవాబు (డెలివరీ మేనేజర్, బెంగళూరు):

అడగరు, నిజమే. అందుకే మన దగ్గర రిక్రూటర్లూ దాన్ని పెద్దగా అడగరు! మీరు స్క్రమ్ (చిన్న చిన్న విడతల్లో పని చేసే పద్ధతి) టీమ్‌లోనే ఉంటే స్క్రమ్ సర్టిఫికెట్ పీఎస్‌ఎం-1 చూడండి. గంటలో 80 ప్రశ్నలు, 85 శాతం వస్తే పాస్, కోర్సు తప్పనిసరి కాదు, రెన్యువల్ గొడవ లేదు. ఇంకో స్క్రమ్ సర్టిఫికెట్ సీఎస్‌ఎం అయితే క్లాసు తప్పనిసరి, రెండేళ్లకోసారి రెన్యువల్ కూడా. బ్రిటన్ క్లయింట్లతో పని ఉంటే ప్రిన్స్2 అనే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ పేరు వినిపిస్తుంది, మిగతాచోట్ల దాని జోలికి పోకండి. అసలు నన్నడిగితే సర్టిఫికెట్‌కంటే ముందు మీ మేనేజర్‌ని అడిగి ఒక చిన్న రిలీజ్ బాధ్యత తీసుకోండి. పీఎంపీ అప్లికేషన్‌లో రేపు రాసుకోవడానికీ అదే కావాలి.

పీఎంపీ రాసేవాళ్లకు పరీక్ష గురించి ఒక మాట. 180 ప్రశ్నలు, నాలుగు గంటలకు దగ్గరగా కూర్చోవాలి. సగమో అంతకన్నా ఎక్కువో ఎజైల్ (పనిని చిన్న విడతల్లో చేస్తూ, మార్చుకుంటూ పోవడం), హైబ్రిడ్ (ఎజైల్, పాత పద్ధతి కలిపి) పద్ధతుల మీదే వస్తాయి. కాబట్టి సివిల్ బ్రదర్, మీరు స్ప్రింట్ (ఒక విడత పని), బ్యాక్‌లాగ్ (చేయాల్సిన పనుల జాబితా) అనే మాటలకు అలవాటు పడాలి.

బట్టీ పడితే పని జరగదు. ప్రశ్న ఇలా ఉంటుంది: పని సగంలో ఉండగా క్లయింట్ తరఫు పెద్దాయన ఫోన్ చేసి, ఒక మార్పు వెంటనే చేయమన్నాడు. మీరు ముందు ఏం చేస్తారు? మనం ఆఫీసులో అయితే ‘సరే సార్’ అనేస్తాం, లేదా బాస్ మీదకు తోసేస్తాం. పరీక్షలో ఆ రెండూ తప్పే. ఆ మార్పు వల్ల ఖర్చుకీ గడువుకీ ఏమవుతుందో ముందు తేల్చాలి, ఆ తర్వాతే మార్పుల ఆమోదానికి పంపాలి. అదే ఎజైల్ ప్రాజెక్ట్ అయితే ఏ పని ముందో తేల్చే ప్రాడక్ట్ ఓనర్‌తో మాట్లాడించాలి. మాక్ టెస్టుల్లో తప్పులన్నీ ఈ ‘ముందు’ అనే మాట దగ్గరే వస్తాయి.

మళ్లీ ప్రశ్న (సైట్ ఇంజనీర్):

అన్నా, చాలా క్లారిటీ వచ్చింది. రెండు టెన్షన్లు మిగిలాయి. అప్లికేషన్‌ను ఆడిట్‌కి (పీఎంఐ వాళ్లు చేసే పత్రాల తనిఖీకి) తీస్తే పాత కంపెనీ మేనేజర్ సంతకం పెట్టడు, మా మధ్య మాటల్లేవు. రెండోది, ఫెయిలైతే కట్టిన డబ్బు మొత్తం పోయినట్టేనా?

జవాబు (ప్లానింగ్ మేనేజర్, రియాద్):

ఆడిట్ అందరికీ రాదు, కొన్ని అప్లికేషన్లను ర్యాండమ్‌గా తీస్తారు. వస్తే డిగ్రీ కాపీ, 35 గంటల సర్టిఫికెట్, నువ్వు రాసిన ప్రాజెక్టుల గురించి తెలిసినవాళ్ల సంతకాలు పంపాలి. 90 రోజుల టైమ్ ఇస్తారు. పైఅధికారే కావాలని లేదు, ఆ ప్రాజెక్టులో నీ పని దగ్గరగా చూసిన క్లయింట్ ఇంజనీర్ అయినా సరే. అందుకే అప్లికేషన్ సబ్మిట్ నొక్కేముందే వాళ్లకు ఫోన్ చేసి, రాసింది చదివి వినిపించు. కోచింగ్ వాళ్లు అల్లిన అనుభవంతో ఆడిట్‌లో దొరికితే ఎవరూ ఆదుకోరు.

ఫెయిలైనా ఏడాదిలో మొత్తం మూడుసార్లు రాయొచ్చు. మళ్లీ రాసినప్పుడు ఫీజు ఉంటుంది, మొదటిసారికన్నా తక్కువే. పీఎంఐ సభ్యత్వం తీసుకుంటే పరీక్ష ఫీజు తగ్గుతుంది, వాళ్ల ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పుస్తకం పీఎంబాక్ గైడ్ పీడీఎఫ్ కూడా ఉచితంగా వస్తుంది. సభ్యత్వంతో ఒకటి, లేకుండా ఒకటి, రెండు లెక్కలూ కాగితం మీద వేసుకుని చూడు. పాసయ్యాక మూడేళ్లకోసారి 60 పీడీయూలు (నేర్చుకున్న గంటలకు వచ్చే పాయింట్లు) సంపాదించి రెన్యువల్ చేయాలి, ఆ ఖర్చు కూడా కలుపుకో. హైదరాబాద్‌లో పీఎంఐ పెర్ల్ సిటీ చాప్టర్ ఉంది, వాళ్ల కార్యక్రమాలకు వెళ్తే పీడీయూలూ వస్తాయి, నాలుగు పరిచయాలూ అవుతాయి.

డబ్బు కట్టేముందు ఒక సాయంత్రం కూర్చుని, నువ్వు వెళ్లాలనుకునే పోస్టులకు గల్ఫ్ ఉద్యోగ ప్రకటనలు ఒక ఇరవై తెరిచి చదువు. ఎన్నింటిలో పీఎంపీ అడిగారు, ఎన్నింటిలో పీ6 అడిగారు రాసుకుని ఇక్కడ పెట్టు. ఏది ముందో అప్పుడు చెప్తాను.