అలివేణి, వేణి, పాయ: ఏది ఎక్కడ వాడాలి?

ప్రశ్న (రాజమహేంద్రవరం): అలివేణి అంటే పొడవాటి జడ ఉన్న ఆవిడ అని ఒకరు చెప్పారండి. అలి అంటే పొడవా? తేటగీతి పద్యంలో దాని బదులు నీలవేణి వేసుకోవచ్చా?

జవాబు: పొడవు కాదండి, అలి అంటే తుమ్మెద. తుమ్మెదల బారు లాంటి వేణి గలది అలివేణి, బహువ్రీహి సమాసం. చెప్పేది నలుపూ నిగనిగా. పొడుగు చెప్పాలంటే వాలుజడ అనే చక్కని మాట మనకుంది. పన్నగవేణి అంటే మాత్రం పాముతో పోలిక కాబట్టి నలుపుతో పాటు పొడుగూ వస్తుంది.

వేణి అసలు అర్థం అల్లిన జుట్టు. ముడిస్తే అది కొప్పు, ధమ్మిల్లం. అశోకవనంలో సీతమ్మ ఏకవేణి: అలంకారం లేని ఒంటిజడ, భర్తకు దూరమైనదానికి గుర్తు. అక్కడ "కొప్పు" అని అనువదిస్తే ఆ విరహమంతా పోతుంది.

జడ అన్నది జటకు వికృతి. అయినా "జడ వేసుకుంది" వేరు, "జుట్టు జడలు కట్టింది" వేరు. మొదటిది దువ్వి అల్లినది, రెండోది దువ్వక అట్టకట్టినది. జడత్వంలోని జడ మరో మాట.

ఇంకొకరు (అమలాపురం): మాకు జడకీ గోదారికీ పాయ అనే మాట ఒకటేనండి. మరి పాయా వేణీ ఒకటేనా?

జవాబు: కాదండీ, ఎదురెదురు. పాయు అంటే విడిపోవు. ఎడబాయులో ఉన్నది అదే. చిక్కు తీశాక మూడుగా విడదీసినవి పాయలు. కుడి పాయని నడిమి పాయ మీదుగా, తర్వాత ఎడమ పాయని అలాగే వేస్తూ పోతే తయారయ్యేది వేణి. ఒక పాయ లావైతే అల్లిక ఓ పక్కకి ఒరుగుతుంది. సవరం కూడా మొదట్లోనే పాయల్లో కలపాలి, సగంలో కలిపితే అతుకు దగ్గర లావుగా కనబడి జారిపోతుంది.

నదికీ ఇదే లెక్క. ధవళేశ్వరం దగ్గర విడిపోయే గౌతమి, వశిష్ఠ పాయలు. ప్రయాగలో మూడు నదులు కలుస్తాయి కాబట్టి అది త్రివేణి. డెల్టా పాయల్ని వేణులని రాయకండి. పైగా చదివేవారికి వేణువులు గుర్తొస్తాయి.

ఇక తేటగీతి. గణమంటే గురులఘువుల కూర్పు. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు కదా. అలివేణి అంటే రెండు లఘువులు (పొట్టి అక్షరాలు), గురువు (ఇక్కడ దీర్ఘాక్షరం), లఘువు: సలము, ఒక్క ఇంద్రగణం. నీలవేణి గురులఘువులు రెండుసార్లు, అంటే రెండు హగణాలు, రెండు సూర్యగణాలు. కాబట్టి అలివేణి పాదం మధ్యలో, నీలవేణి చివర చక్కగా కూర్చుంటాయి. ఒకదాని చోట ఇంకొకటి పెడితే గణాలు చెడతాయి. సంబోధనలో "అలివేణీ" అని దీర్ఘం తీస్తే చివర రెండు గురువులై సలము పోతుంది, అది చూసుకోండి.