‘బి పిక్చర్’ని తెలుగులో ఏమందాం?

రెండో ప్రపంచయుద్ధం తర్వాతి బ్రిటిష్ క్రైమ్ సినిమాల మీద వ్యాసం రాస్తూ ‘బి పిక్చర్’ దగ్గర ఆగిపోయాను. ముందు ‘బి గ్రేడ్ సినిమా’ అని రాశాను. మా చెల్లెలు చదివి, “అన్నయ్యా, నువ్వు అలాంటివి కూడా చూస్తావా?” అంది. మన దగ్గర ఆ మాటకు గుర్తొచ్చేది మార్నింగ్ షో పోస్టర్లే కదా! నేను రాస్తున్నదేమో ఇంగ్లిష్ క్రైమ్ రచయిత ఎడ్గార్ వాలెస్ కథల సినిమా సిరీస్ గురించి. 1960–65 మధ్య ఎక్కువగా లండన్ మెర్టన్ పార్క్ స్టూడియోలో తీసిన 47 సినిమాలు. ఒక్కోటి గంట అటూ ఇటూ. ఓ హత్య, ఓ బ్లాక్‌మెయిల్, రెయిన్‌కోటు వేసుకున్న ఇన్‌స్పెక్టరు. మైకేల్ కెయిన్ కూడా 1962లో ఒకదాంట్లో చిన్న వేషం వేశాడు. వేరే మాటేదైనా ఉందా?

జవాబు: ఇక్కడ ‘బి’ అంటే నాణ్యతకు వేసిన మార్కు కాదండీ, వరసలో చోటు. ఒకే టికెట్టు మీద రెండు సినిమాలు వేసేవారు. పెద్దదానికి వసూళ్లలో వాటా, చిన్నదానికి ముందే మాట్లాడుకున్న అద్దె. జనం ఎగబడినా నిర్మాతకు పెన్నీ ఎక్కువ రాదు. అందుకే రెండు మూడు వారాల్లో చుట్టేసేవారు. నేనైతే ‘కొసరు సినిమా’ అంటాను. అసలు ఒకటి, కొసరు ఒకటి.

మరో జవాబు: కొసరంటే ఊరికే వేసేది కదండీ, అద్దె కట్టి తెచ్చుకున్నది కొసరెలా అవుతుంది? పైగా హాలువాళ్లు ముచ్చటపడి వేసినవీ కావు. 1948లో అక్కడి ప్రభుత్వం పెట్టిన కోటా ప్రకారం అసలు సినిమాల్లో 45 శాతం, పక్కన వేసేవాటిలో 25 శాతం బ్రిటన్‌వే ఉండాల్సి వచ్చింది. ‘తోడు సినిమా’ అనండి. తోడుపెళ్లికొడుకు లేడూ?

మొదటి జవాబిచ్చినవారు: అద్దె కట్టింది హాలువాడు. టికెట్టు కొన్నవాడికి అది కొసరే. కూరగాయలామె కొసరుగా వేసే రెండు వంకాయలూ ఆమె డబ్బు పెట్టి తెచ్చినవేగా!

ప్రశ్న అడిగిన నేను: రెండూ పెట్టి చూశాను. ‘తోడు సినిమా’ అంటే చెల్లెలు ప్రేమకథ అనుకుంది. ‘కొసరు’ ఉంచుతున్నాను. మొదటిసారి వాడినచోట ఆ ఒకే టికెట్టు సంగతి ఓ వాక్యంలో చెప్పేస్తాను.