తాగే భర్తకు పెట్టిన హద్దులు అత్తయ్య దగ్గర ఆగట్లేదు, ఏం చేయాలి?

మాది ఖమ్మం దగ్గర పల్లె. పెళ్లయి పదకొండేళ్లు, ఇద్దరు పిల్లలు. తాగనప్పుడు మా ఆయన మంచి మనిషి (అందరూ ఇదే అంటారని తెలుసులెండి). రెండేళ్లుగా రోజూ తాగుతున్నారు.

సంక్రాంతి తర్వాత, తాగని పూట చూసి మూడు మాటలు చెప్పాను. తాగడానికి డబ్బివ్వను. డ్యూటీకి పోకపోతే జ్వరమని మీ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేయను. తాగొస్తే నేనూ పిల్లలూ వేరే గదిలో గడియ పెట్టుకుని పడుకుంటాం, ఆ రాత్రి వాదన ఉండదు. సరేనన్నారు.

నా మాట మీద నేను ఉన్నాను. కానీ అత్తయ్య పింఛను డబ్బుల్లోంచి చాటుగా ఇస్తున్నారు. అడిగితే "బయట అప్పు చేస్తే పరువు పోదా?" అంటారు. ఆవిడకు ఎలా చెప్పాలి?

వదినగారేమో తెలియకుండా కూరలో డైసల్ఫిరామ్ అనే, తాగుడు మాన్పించడానికి ఇచ్చే మాత్ర కలపమంటున్నారు. ఆ మాత్ర మీద మందు తాగితే ప్రాణం మీదికి రావచ్చని, ఆయనకు తెలిసి ఒప్పుకుంటేనే ఇవ్వాలని డాక్టరుగారు చెప్పారు. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేసినా ఫిట్స్ రావచ్చట. అందుకే "ఇవాళే మానెయ్" అని పట్టుబట్టడానికీ భయం.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి తాగేవాళ్ల తరఫున ఇంట్లోవాళ్లు ఫోన్ చేసిన అనుభవం ఎవరికైనా ఉందా? ఇంకొకటి. తొమ్మిదేళ్ల పాప "నాన్నకు రోజూ జ్వరమేనా అమ్మా?" అని అడుగుతోంది. ఆ వయసు పిల్లకు మీరైతే ఏం చెబుతారు?