చెన్నైలో పుట్టిన పాపకు ఇనిషియల్ ఏది: ఇంటిపేరా, నాన్న పేరా?

పెరంబూర్ నాన్న:
మా పాపను ఎల్‌కేజీలో చేర్చాలి. మా ఇంటిపేరు పింగళి కాబట్టి ఫారంలో 'పి' అని రాశాను. స్కూల్ ఆఫీసులో ఒప్పుకోలేదు. ఇక్కడ తమిళులకు ఇనిషియల్ అంటే తండ్రి పేరే కదా, 'ఆర్' అని రాయమన్నారు. మా ఆవిడ కూడా అలాగే రాసేద్దాం అంటోంది. నాకు మనసొప్పడం లేదు. మీ ఇళ్లలో ఏం చేశారు?

వడపళని పిన్ని:
మార్చకు నాయనా. 16వ శతాబ్దంలో 'కళాపూర్ణోదయం' రాసిన సూరన పింగళివారే. 1921లో బెజవాడలో గాంధీగారికి జెండా నమూనా ఇచ్చిన వెంకయ్యగారిదీ అదే ఇంటిపేరు. మా పేటలో వాహినీ స్టూడియో వెలిగిన రోజుల్లో 'మాయాబజార్'కు మాటలు, పాటలు రాసిన నాగేంద్రరావుగారూ పింగళివారే. స్కూల్‌లో ఒప్పుకోలేదని అలాంటి పేరు వదులుకుంటావా?

వేళచ్చేరి ఆడిటర్:
పిన్నిగారూ, ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టాలైపోరు. 'కృషీవలుడు' రాసిన దువ్వూరి రామిరెడ్డిగారు నెల్లూరు వైపు రైతు కవి. 2008 నుంచి 2013 దాకా రిజర్వ్ బ్యాంక్ గవర్నర్‌గా చేసిన దువ్వూరి సుబ్బారావుగారు ఏలూరులో పుట్టిన ఐఏఎస్. ఇద్దరూ ఒక ఇంటివాళ్లని నేనెప్పుడూ వినలేదు. ఎవరి గొప్ప వాళ్లది.

కాగితాల సంగతి చూడండి. నా స్కూల్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఇనిషియల్, ఇంకో కార్డులో నాన్న పేరు. రెండూ నావే అని చెప్పుకోవడానికి అఫిడవిట్ పట్టుకుని నెలల తరబడి తిరిగాను. ఆ టెన్షన్ పాపకు ఎందుకు? పైగా ఆడపిల్ల, పెళ్లయితే ఎలాగూ మారేదే.

తిరుత్తణి మాస్టారు:
పెళ్లయితే మారి తీరాలని ఏముంది? పి. సుశీలగారి 'పి' పుట్టింటి పులపాక. పెళ్లి తర్వాతా అదే ఉంది, ఈ చెన్నైలోనే.

మా ఊళ్లో 1888లో పుట్టిన రాధాకృష్ణన్‌గారి ఇంటిపేరు సర్వేపల్లి. ఆ పేరుగల ఊరు నెల్లూరు జిల్లాలో ఉంది. ఆయన తమిళుల మధ్య పెరిగారు, తత్వశాస్త్రం చెప్పారు, రాష్ట్రపతి అయ్యారు. కొడుకు గోపాల్‌గారు మద్రాసులో పుట్టి చరిత్రకారుడయ్యారు, నెహ్రూ జీవితచరిత్ర రాశారు. ఇక్కడి లెక్కన ఆయన ఆర్. గోపాల్ కావాలి. పుస్తకాల మీద మాత్రం ఎస్. గోపాల్ అనో, సర్వేపల్లి గోపాల్ అనో ఉంటుంది. ఎప్పుడో వదిలి వచ్చిన ఊరు అలా పేరులో మిగిలింది. అది గొప్ప కోసం కాదు, ఎక్కడివాళ్లమో పిల్లలకు తెలియడం కోసం. ఆడిటర్‌గారు చెప్పిన ఇబ్బంది నిజమే. అందుకే ఒంటి అక్షరం వద్దు, మొదటి కాగితం నుంచీ ఇంటిపేరు పూర్తిగా రాయించండి.

పెరంబూర్ నాన్న:
మాస్టారూ, ఇది మా ఆవిడకూ నచ్చింది. నాన్న పేరుకు ఫారంలో వేరే గడి ఎలాగూ ఉంది. సోమవారం బర్త్ సర్టిఫికెట్ తీసుకుని వెళ్లి 'పింగళి' అని పూర్తిగా రాయమని అడుగుతాను.