సింగపూర్ సంక్రాంతి, పిల్లల ఆటలు: చిన్నవాళ్ళ కుర్చీలాట మారుద్దాం

విశాఖ నుంచి, ఆటల సామాను:

అందరికీ నమస్కారం. నిన్న పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి గవ్వలు, రెండు వైకుంఠపాళి పటాలు తెచ్చాను. ఏటికొప్పాక లక్క బొంగరాలు 20 చెప్పి ఉంచాను. సామానుకి ఢోకా లేదు. నా బాధంతా 4 నుంచి 6 ఏళ్ళ పిల్లలకి పెట్టిన కుర్చీలాట గురించి. దయచేసి దాన్ని అలాగే ఉంచొద్దు.

అందులో ముందు ఔటయ్యేది అందరికంటే చిన్నవాళ్ళే. పాట ఆగిందని వాళ్ళకి తెలిసేసరికి కుర్చీ ఉండదు. మిగతా ఆటంతా గోడ పక్కన నిలబడి చూడాలి. పోయినసారి అలా ఏడుస్తున్న నాలుగేళ్ళ పాపతో "ఆటే కదమ్మా, ఏడవకు" అన్నాను. ఇంకా గట్టిగా ఏడ్చింది. అలా అనకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

మన చిన్నప్పుడు "ఆటలో అరటిపండు" ఉండేది గుర్తుందా? చిన్నవాడు అందరితో పరిగెడతాడు, ముట్టుకున్నా ఔట్ కాడు. కొన్నాళ్ళకి వాడే వచ్చి "నన్నూ లెక్కపెట్టండి" అంటాడు. ఈలోపు మిగతావాళ్ళు ఓడి, అలిగి, మళ్ళీ ఆటలోకి రావడం చూస్తూనే ఉంటాడు.

కాబట్టి కుర్చీలు తీసేద్దాం, పిల్లల్ని తీసెయ్యొద్దు. ఉన్నవాటిలో సర్దుకుని కూర్చుంటారు. చివరికి అందరూ ఒక చాప మీదికి.

సింగపూర్ నుంచి, బహుమతులు:

అర్థమైంది ఆంటీ. కానీ ఓడకపోతే ఓడటం ఎప్పుడు నేర్చుకుంటారు? మా బాబుకి ఆరేళ్ళు. ఓడితే గవ్వలు విసిరేస్తాడని నేనే కావాలని ఓడిపోతున్నాను. బయట ఆడించాలంటే టెన్షన్.

విశాఖ నుంచి:

నేర్పాలమ్మా, కొంచెం కొంచెంగా. ఇంట్లో ఎప్పుడూ వాడే గెలిస్తే బయట తట్టుకోవడం మరీ కష్టం. వైకుంఠపాళితో మొదలుపెట్టు. పాము మింగితే అది గవ్వల వల్లే, వాడికి చేతకాక కాదు. ఆట త్వరగా అయిపోయేలా సగం పటం నుంచే ఆడండి. నీ పావుని పాము మింగినప్పుడు వాడికి వినపడేలా "అయ్యో, అంత పైకి వెళ్ళాను! సరే, మళ్ళీ వేస్తా" అను. వాడు ఏడిస్తే పక్కన కూర్చుని "గెలవాలనుకున్నావు కదా నాన్నా" అను, అంతే. బుద్ధులు అప్పుడే చెప్పొద్దు. గవ్వలు విసిరితే మాత్రం ఆ పూటకి ఆట ఆపెయ్. కోపం రావచ్చు, విసరకూడదు.

ఇక్కడ ఎంవీపీ కాలనీలో మా మనవడితో రోజూ సాయంత్రం ఒక్క ఆట ఆడుతున్నాను. నిన్న ఓడిపోయి, మూతి ముడుచుకుని, పటం మాత్రం తనే మడతపెట్టాడు. నాకెంత సంతోషం వేసిందో.

ఏడేళ్ళు దాటినవాళ్ళకి పోటీలు, బహుమతులు ఉండనీ. కాకపోతే ఒక్కో ఆట ఐదు నిమిషాలకి మించొద్దు, ఓడినవాళ్ళకి వెంటనే ఇంకోటి దొరకాలి. బొంగరాలైతే ఎవరి లెక్క వాళ్ళది: పోయినసారి ఎన్ని అంకెలు లెక్కపెట్టేదాకా తిరిగింది, ఈసారి ఎన్ని?

ప్రతి గుంపుకీ ఇద్దరు వాలంటీర్లు కావాలి. ఒకరు ఆట నడపాలి, రెండోవాళ్ళ పని ఓడినవాళ్ళని కనిపెట్టుకుని ఉండటమే. ఆ రెండో వరసలో ఇంకా ఒక్క పేరూ లేదు. సామాను మీ అమ్మానాన్నలు బయల్దేరేముందు వాళ్ళకే ఇచ్చి పంపిస్తాను.

సింగపూర్ నుంచి, బహుమతులు:

చిన్నపిల్లల గుంపులో రెండో మనిషిగా నా పేరు రాసుకోండి ఆంటీ. చాప కూడా నేనే తెస్తాను.